పచ్చడి డబ్బు పంట బాకీలో కలవకూడదు

పంట ఒక్కదాని మీద ఇల్లు గడవడం లేదని మన సభ్యులకు చెప్పాల్సిన పని లేదు. ధర పడిపోయిన ఏడాది మిర్చి మొత్తం తెగనమ్ముకోకుండా కొంత కారం పట్టించి అమ్ముకుంటున్న ఇళ్లు ఉన్నాయి. పసుపు కొమ్ములు ఆడించి పొడి అమ్ముతున్నారు. కందులు, పెసలు మరపట్టించి పప్పు చేసి ఇస్తున్నారు. పచ్చళ్లు, సకినాలు, జొన్న రొట్టెలు, జంతికలు చేసి టౌనుకు పంపుతున్నారు. కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో పూతరేకుల మీద ఎన్నో ఇళ్లు బతుకుతున్నాయి. ఈ పనులన్నీ ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీద నడుస్తున్నాయి.

ఇలాంటి పని మొదలుపెట్టిన ఇంట్లో మొదట వచ్చే చర్చ సరుకు గురించి, సీసాల గురించి, ధర గురించి. డబ్బు ఏ ఖాతాలో పడాలి అన్నది చివర్న, అదీ కొన్నవాళ్లు ఫోన్ పే నంబరు అడిగినప్పుడు వస్తుంది. అప్పుడు ఇంట్లో ఏ నంబరు ఉంటే ఆ నంబరు ఇచ్చేస్తున్నాం. చాలా ఇళ్లలో అది మొగుడి పంట రుణం ఉన్న ఖాతా. లేదంటే ఇల్లాలి జన్‌ధన్ ఖాతా. ఈ రెండూ సరైనవి కావన్నది మా అభిప్రాయం. ఎందుకో, ఏం చేయాలో ఈ నెల రాస్తున్నాం.

బాకీ ఉన్న చోట కొత్త డబ్బు వేయొద్దు

బ్యాంకుకు ఒక హక్కు ఉంది. ఒక మనిషి పేరు మీద గడువు దాటిన బాకీ ఉండి, అదే మనిషి పేరు మీద అదే బ్యాంకులో జమ ఉంటే, ఆ జమను బాకీ కింద సర్దుకోవచ్చు. మన ఊళ్లలో దీన్నే "హోల్డ్ పెట్టారు", "పట్టేసుకున్నారు" అంటాం. ఇది మనకు కొత్త కాదు. తెలంగాణలో రైతుబంధు డబ్బును కొన్ని బ్యాంకులు పాత బాకీలకు పట్టుకుంటే, అలా చేయొద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన సాయానికే ఆ గతి పట్టినప్పుడు పచ్చడి అమ్మిన డబ్బుకు అడ్డు ఎవరు?

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మొగుడి బాకీకి పెళ్లాం సొంత ఖాతాలోని డబ్బు పట్టుకునే హక్కు బ్యాంకుకు లేదు. ఆమె ఆ అప్పులో తోడు సంతకం పెట్టి ఉంటేనో, ష్యూరిటీ ఉంటేనో లెక్క మారుతుంది. అందుకే ఖాతా తెరవక ముందు ఇంట్లో కాగితాలు తీసి చూడండి. ఎవరు ఎక్కడ సంతకం పెట్టారు? భూమి ఎవరి పేరున ఉంది? బంగారం ఎవరి పేరున కుదువ పెట్టారు? ఇది తేలాకే ఏ బ్యాంకుకు వెళ్లాలన్నది తేలుతుంది.

మేము చెప్పేది ఇది: వ్యాపారం చేసే ఆడమనిషి పేరు మీద, ఆమె ఒక్కదాని పేరు మీదే, ఆమె సంతకంతో అప్పు లేని బ్యాంకులో ఖాతా ఉండాలి. భార్యాభర్తల ఉమ్మడి ఖాతా వద్దు. ఉమ్మడి ఖాతాలో డబ్బు ఎవరిదన్న తగవు వస్తే తేలేదాకా మనమే బ్యాంకు చుట్టూ తిరగాలి.

"ఇల్లు ఒక్కటే కదా, ఎవరి ఖాతాలో ఉంటే ఏమిటి" అని మన అన్నదమ్ములు కొందరు అంటారు. ఇల్లు ఒక్కటే, నిజమే. కానీ బ్యాంకు పుస్తకంలో ఇల్లు అనే పేరుతో ఖాతా ఉండదు. మనుషుల పేర్లే ఉంటాయి. బాకీ ఎగ్గొట్టమని మేము చెప్పడం లేదు. పంట బాకీ పంట మీద తీరాలి, పంట పోతే గడువు పెంచాలి, అది వేరే పోరాటం. వచ్చే వారం మామిడికాయలు, నూనె కొనాల్సిన డబ్బును పాత బాకీ మింగేస్తే ఆ చిన్న పనీ ఆగిపోతుంది, బాకీ కూడా తీరదు.

జన్‌ధన్ ఖాతాను కదిలించొద్దు

2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతాలకు కనీస నిల్వ అక్కర్లేదు. మంచిదే. కానీ మన ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాల్లో ఉపాధి కూలీ, పింఛను, గ్యాస్ రాయితీ, ఎవరికైనా భూమి ఉంటే పీఎం కిసాన్ పడుతున్నాయి. అందులోకే ఊరూపేరూ తెలియని కొనుగోలుదారుల డబ్బు రావడం మొదలైతే ఒక ప్రమాదం ఉంది.

ఆన్‌లైన్ మోసగాళ్లు కొట్టేసిన డబ్బు చేతులు మారి మారి ఏ ఖాతాలో పడితే ఆ ఖాతాను సైబర్ పోలీసుల ఫిర్యాదు మీద బ్యాంకు ఆపేస్తోంది. పచ్చడి కొన్నవాడు ఎలాంటివాడో అమ్మినామెకు ఏం తెలుస్తుంది? వచ్చింది ఐదు వందలే అయినా మొత్తం ఖాతా ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు పింఛనూ ఆగుతుంది, కూలీ డబ్బూ ఆగుతుంది. అమ్మకాల ఖాతా వేరుగా ఉంటే నష్టం అక్కడికే ఆగుతుంది. ఒకవేళ అలా ఆగితే బెంబేలెత్తొద్దు. ఏ ఫిర్యాదు మీద ఆపారో, ఫిర్యాదు నంబరు ఏమిటో, ఏ పోలీసు స్టేషనో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా అడగండి. అనుమానం ఉన్న మొత్తాన్నే ఆపి మిగతాది వదలమని అర్జీ పెట్టండి. సరుకు ఇచ్చిన బిల్లు ఉంటే జత చేయండి.

ఇంకో జాగ్రత్త. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాకే రావాలా అని అడిగే గడి ఒకటి ఉంటుంది. చూడకుండా టిక్కు పెడితే ఆధార్‌కు ఎన్‌పీసీఐ లింకు కొత్త ఖాతాకు మారిపోతుంది. ఆధార్ మీద వచ్చే డబ్బు ఆఖరున లింకైన ఖాతాకే పోతుంది. ఉపాధి కూలీ పడలేదని పాత బ్యాంకులో నెలల తరబడి అడుగుతూ ఉంటాం, డబ్బేమో కొత్త ఖాతాలో ఉంటుంది. గుర్తింపు కోసం ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బుకు లింకు చేయడం వేరు. బ్యాంకులో ఆ రెండోది వద్దని చెప్పండి.

సేవింగ్సా, కరెంటా?

సేవింగ్స్ ఖాతా పొదుపు కోసం, కరెంట్ ఖాతా వ్యాపారం కోసం. ఇది రిజర్వు బ్యాంకు పెట్టిన తేడా. వ్యాపార సంస్థ పేరుతో సేవింగ్స్ ఖాతా తెరవరు. డ్వాక్రా లాంటి స్వయం సహాయక సంఘాలకు మాత్రం సేవింగ్స్ ఖాతా తెరవడానికి అనుమతి ఉంది. సేవింగ్స్ ఖాతాలో వడ్డీ వస్తుంది. కరెంట్ ఖాతాలో వడ్డీ రాదు, పైగా ఎక్కువ బ్యాంకుల్లో కనీస నిల్వ ఉంచాలి.

కనీస నిల్వ అంటే ఏమిటో లెక్క వేద్దాం. నెలకు 15 వేల అమ్మకం ఉన్న ఇల్లు అనుకుందాం. అందులో 11 వేలు కాయలకు, నూనెకు, ఉప్పుకారాలకు, సీసాలకు, చార్జీలకు పోతే చేతికి మిగిలేది 4 వేలు. బ్యాంకు 10 వేలు నిల్వ ఉంచమంటే, రెండున్నర నెలల కష్టం వడ్డీ లేకుండా బ్యాంకులో పడుకుంటుంది. ఉంచలేకపోతే జరిమానా. దీనికి తోడు మెసేజ్‌లకు చార్జీ, నగదు జమకు చార్జీ, చెక్కు పుస్తకానికి చార్జీ.

అందుకని మా సలహా రెండు మెట్లుగా ఉంది. పని నిలదొక్కుకునే మొదటి నెలల్లో, తెలిసినవాళ్లకు అమ్ముకునే దశలో, ఆమె సొంత పేరు మీద కనీస నిల్వ అక్కర్లేని మరో సేవింగ్స్ ఖాతా వేరే బ్యాంకులో తెరిచి అమ్మకాల డబ్బంతా అందులోకే రానివ్వాలి. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే సేవింగ్స్ ఖాతాలకు కనీస నిల్వ తీసేసింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇంకొన్ని ప్రభుత్వ బ్యాంకులు కూడా ఆ జరిమానా ఎత్తేశాయి. అయితే సేవింగ్స్ ఖాతాలో రోజూ వ్యాపార లావాదేవీలు కనబడితే బ్యాంకు అభ్యంతరం చెప్పవచ్చు. కనుక ఇది నాలుగు రోజుల ముచ్చటే. దుకాణాలకు సరుకు వేయడం, బిల్లులు ఇవ్వడం, రుణం అడగడం మొదలయ్యాక రెండో మెట్టు ఎక్కి కరెంట్ ఖాతా తెరవాల్సిందే.

కరెంట్ ఖాతాకు ఆధార్, పాన్‌తో పాటు వ్యాపారం ఉన్నట్టు రెండు కాగితాలు అడుగుతారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అందులో ఒకటి. దానికి ప్రభుత్వం రుసుము ఏమీ తీసుకోదు. వేలు అడిగేవాడు దళారీ అని తెలుసుకోండి. తినే సరుకు అమ్మేవారికి ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉండాలి, అది రెండో కాగితం అవుతుంది. రెండు కాగితాలు ఇవ్వలేని చిన్న వ్యాపారికి విచారణ చేసుకుని ఒక్కదానితోనే ఖాతా తెరిచే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. "కుదరదు" అంటే ఆ సంగతి గుర్తు చేయండి.

డ్వాక్రా సంఘం ఖాతాలో మాత్రం సొంత వ్యాపారం డబ్బు వేయొద్దు. అది పది మంది ఉమ్మడి సొమ్ము. అందులో ఒకరి పచ్చడి లెక్క కలిస్తే సంఘంలో తగవులు వస్తాయి.

లెక్క వేరుగా ఉంటే భయం ఉండదు

2025 జులైలో కర్ణాటకలో యూపీఐ జమలు చూసి చిన్న దుకాణాలవాళ్లకు వాణిజ్య పన్నుల శాఖ నోటీసులు ఇచ్చింది. బెంగళూరులో చాలామంది క్యూఆర్ బోర్డులు తీసేసి నగదే ఇవ్వమన్నారు. ఇంటి చేబదులు, బంధువుల డబ్బు, అమ్మకం డబ్బు అన్నీ ఒకే ఖాతాలో పడితే ఏది ఏదో చెప్పుకోవడమే కష్టం.

రైతు తన పొలంలో పండిన పంట అమ్ముకుంటే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాన్ని పచ్చడో పొడో చేసి అమ్మితే అది వ్యాపారం. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే, ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకం ఉన్న ఇంటికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ భయం లేదు. రాష్ట్రం దాటి సరుకు పంపేటట్టయితే లెక్క మారుతుంది, ముందే అడిగి తెలుసుకోవాలి. ధాన్యం డబ్బు ఒక ఖాతాలో, పచ్చడి డబ్బు ఒక ఖాతాలో ఉంటే ఎవరు అడిగినా పాసుపుస్తకమే సమాధానం చెబుతుంది. రేపు ముద్ర రుణం అడిగినా అదే పాసుపుస్తకం సాక్ష్యం. శిశు విభాగంలో 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలి.

ఏ బ్యాంకు?

నడిచి వెళ్లగలిగిన బ్యాంకు, తెలుగులో మాట్లాడే బ్యాంకు, ప్రభుత్వ బ్యాంకు లేదా గ్రామీణ బ్యాంకు. ఇదీ మా వరుస. 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఒక్కటే అయ్యాయి. తెలంగాణలోనూ ఇప్పుడు ఒక్కటే గ్రామీణ బ్యాంకు. కలిసిన బ్యాంకుల్లో ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారి ఉండవచ్చు, కొత్త పాసుపుస్తకం చూసుకుని ఇవ్వండి. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకప్పుడు వేర్వేరు బ్యాంకుల్లో ఉన్న మీ బాకీ, మీ జమ ఇప్పుడు ఒకే బ్యాంకు కిందికి వచ్చి ఉండవచ్చు. ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రాబ్యాంకులో పాత అప్పు ఉన్నవారికి యూనియన్ బ్యాంకు వేరే బ్యాంకు కాదు.

ఎక్కువ వడ్డీ ఇస్తామని ఇంటికొచ్చి అడిగే సొసైటీలకు, కంపెనీలకు దూరంగా ఉండండి. అగ్రిగోల్డ్ గాయం మన ఊళ్లలో ఇంకా మానలేదు. బ్యాంకులో డబ్బుకు 5 లక్షల దాకా బీమా ఉంది. ప్రాథమిక సహకార సంఘంలో వేసిన డిపాజిట్‌కు ఆ బీమా లేదు.

ఖాతా తెరిచిన రోజే నామినీ రాయించండి. అడగకుండా బీమా ప్రీమియం కోసినా, చార్జీ వేసినా ముందు మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు ఉండదు. వివరాలకు ఫోన్ నంబరు 14448.

మనం అడగాల్సింది

జాగ్రత్తలన్నీ మనకే చెప్పి బ్యాంకులను వదిలేస్తే అది సగం మాటే అవుతుంది. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసింది పల్లెకు, చిన్నవాడికి అప్పు అందాలని. ఇంట్లో పచ్చడి పెట్టుకునే మనిషికీ, కోట్ల వ్యాపారికీ ఒకే రకం కరెంట్ ఖాతా నిబంధన పెట్టడం ఆ ఉద్దేశానికి విరుద్ధం. అందుకని ఈ డిమాండ్లను సంఘం తరఫున ముందుకు తేవాలని మేము కోరుతున్నాం:

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న ఇంటి వ్యాపారాలకు కనీస నిల్వ లేని కరెంట్ ఖాతా అన్ని ప్రభుత్వ బ్యాంకుల్లోనూ ఇవ్వాలి. రాతపూర్వక నోటీసు లేకుండా ఏ ఖాతా మీదా హోల్డ్ పెట్టకూడదు. పంట రుణానికి ఇంట్లో ఇతరుల ఖాతాలు ముట్టుకోకూడదు. సైబర్ ఫిర్యాదు వస్తే అనుమానం ఉన్న మొత్తాన్నే ఆపాలి. చార్జీల పట్టిక ప్రతి బ్రాంచిలో తెలుగులో గోడ మీద ఉండాలి.

ఈ నెల మండల సమావేశానికి వచ్చే సభ్యులు తమ ఇంట్లో ఆడవాళ్లను, వాళ్ల పాసుపుస్తకాలను వెంట తీసుకురావాలి. హోల్డ్ పెట్టిన ఖాతాలు, కోసిన చార్జీలు ఒక జాబితాగా రాసి జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు ఇద్దాం. నోటిమాటగా చెబితే వినరు. పాసుపుస్తకం పేజీతో సహా ముందు పెడితే జవాబు చెప్పక తప్పదు.