పై మోడలు ఎవరి కోసం?

భూమి అమ్మిన సొమ్ము చేతికి రాగానే పెద్ద కారు వైపు చూపు మళ్లడం పల్లెల్లో మామూలైంది. కొనడం తప్పని ఎవరూ అనరు. అయితే కింది మోడలు కోసం షోరూముకు వెళ్లినవారు పై మోడలుకు సంతకం చేసి వస్తున్నారు.

ఫార్చ్యూనర్‌నే తీసుకుంటే, డీజిల్‌లో రెండు చక్రాలు లాగే బండికైనా, నాలుగు చక్రాలు లాగే బండికైనా ఇంజను ఒకటే: 2.8 లీటర్లది, 204 గుర్రాల శక్తి గలది. వానాకాలం నల్లరేగడిలో నాలుగు చక్రాల బండి అక్కరకొస్తుంది, నిజమే. కాని మండల కేంద్రానికి తారురోడ్డు మీద తిరిగే ఆసామికి దానితో పనేమిటి? ఏడాదికోసారి దిగబడితే లాగడానికి ఊళ్లో ట్రాక్టర్లు లేవా?

తేడా 4 లక్షలైతే, దానిని నూటికి 9 వడ్డీకి 5 ఏళ్ల నెలవాయిదాలపై తెచ్చినవారికి వడ్డీయే సుమారు 98 వేలు పడుతుంది. లైఫ్ ట్యాక్సు, బీమా కూడా బండి ధరను బట్టే పెరుగుతాయి.

సీటు కవర్లు, పాటల పెట్టె తరువాతైనా బిగించుకోవచ్చు. ఎయిర్‌బ్యాగులు అలా కుదరవు. అవి తక్కువైన చోట పై మోడలుకు పెట్టిన డబ్బు దండగ కాదు. కనుక బయానా ఇచ్చేముందే కింది మోడలులో అవి ఎన్ని ఉన్నవో కాగితం మీద రాయించుకోవాలి.