తన్ను తాను చదువుకొనే వ్రాత

తెలుగువారు 'వ్రాత' అన్న మాటను రెండు అర్థాలలో వాడుతారు. కాగితం మీద చేయి వ్రాసేది ఒకటి. నుదుట బ్రహ్మ వ్రాశాడని చెప్పుకొనేది మరొకటి. రెండవదాన్ని మనిషి చదువలేడు, దిద్దలేడు. మొదటిది అతని చేతిలోనే ఉన్నది. దాన్ని చదువుకోవచ్చు, కొట్టివేయవచ్చు, తిరిగి వ్రాయవచ్చు. అయినా ఈ వ్రాతను తనకోసం వినియోగించుకొనేవారు చాలా తక్కువ. పలక పట్టిన నాటి నుండి ఇంటర్మీడియట్ పూర్తయ్యే నాటికి ఒక విద్యార్థి వ్రాసే పుటలు వేలలో ఉంటాయి. వాటిలో తన మాటగా వ్రాసుకొన్న పుటలెన్ని అని అడిగితే, లెక్కించడానికి చాలామందికి చేతివేళ్లు కూడా అక్కరలేదు.

చిత్తూరు సీమలో గుర్రంకొండకు చేరువగా తరిగొండ అనే ఊరు ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దిలో ఆ ఊళ్లో పుట్టిన వెంగమాంబకు బాల్యంలోనే పెండ్లి చేశారు. సంసారమంటే ఏమిటో తెలియకముందే భర్త గతించాడు. ఆమె జీవితగ్రంథంలో మిగిలిన పుటలన్నింటినీ నాటి ఆచారం ముందుగానే నింపి పెట్టింది. తల గొరిగించుకోవాలి, మూల కూర్చోవాలి, శుభకార్యాలకు ఎదురు రాకూడదు. వెంగమాంబ అందుకు ఒప్పుకోలేదు. శిరోముండనాన్ని నిరాకరించి ఊరివారి నిందలను భరించిందని ఆమె చరిత్ర చెప్పేవారందరూ పేర్కొంటారు. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువయినాడు. చిన్ననాట తాను ఓనమాలు సైతం ఆచార్యుల చెంత దిద్దలేదనీ, ఛందస్సు అభ్యసించలేదనీ ఆమె తన కృతిలో చెప్పుకొన్నది. అవతారికలలో కవులు తమను తక్కువచేసి చెప్పుకోవడం పరిపాటే. కాని ఆనాటి ఆడపిల్ల విషయంలో ఆ మాట అక్షరాలా నిజమైనా ఆశ్చర్యపడనక్కరలేదు.

ఆమె తొలి రచన తరిగొండ నృసింహ శతకం. శతకమే తొలి ప్రక్రియ కావడం గమనింపదగినది. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని మాటను శతకకర్త మకుటంలోని దేవునితో చెప్పుకొంటాడు. నూరు పద్యాలు పూర్తయ్యేసరికి దేవుడు ఏమి విన్నాడో తెలియదుగాని, చెప్పినవారు మాత్రం తమ గొంతును తాము విని ఉంటారు. తరువాత ఆమె యక్షగానాలు వ్రాసింది. చెంచునాటకంలో చెంచుల పడుచు మాట్లాడుతుంది, గోపీనాటకంలో గొల్లభామ మాట్లాడుతుంది. లోకం మూల కూర్చోబెట్టదలచిన స్త్రీ ఇందరి గొంతులతో పలికింది. మరికొంత దూరం సాగి వాసిష్ఠ రామాయణాన్ని ద్విపదలో తెలుగు చేసింది. ఆ గ్రంథంలోని కథ ఇంటర్మీడియట్ విద్యార్థికి దగ్గరిది. పదహారేండ్లు నిండని రాముడు తీర్థయాత్రలు చేసి వచ్చి, తిండి మీద, ఆటపాటల మీద ఆసక్తి లేక దిగులుగా కూర్చుంటాడు. సభలో తన నిస్పృహను దాచుకోకుండా విప్పి చెపుతాడు. వసిష్ఠుడు అతణ్ణి మందలించడు. ప్రతి ప్రశ్నకూ ఓపికగా సమాధానం చెపుతాడు. అంతటి మహాగ్రంథం ఒక బాలుని దిగులుతో మొదలైనది. జీవితపు తొలి మలుపులోనే దుఃఖాన్ని చూసిన వెంగమాంబ దాన్ని చేపట్టడం యాదృచ్ఛికమని అనిపించదు.

తరువాతి కాలంలో ఆమె తిరుమల చేరి, వేంకటాచల మాహాత్మ్యం వంటి గ్రంథాలు రచించి, 1817లో అక్కడే పరమపదించింది. కొండకు వచ్చినా తరిగొండ నరసింహుణ్ణి విడువలేదు. ఆయననే వేంకటేశ్వరునిలో చూసుకొన్నది. పుట్టిన ఊరు ఆమెకు చాలా దుఃఖమిచ్చింది. అయినా పుస్తకం పుస్తకంలో ఆ ఊరి పేరు నిలిపింది. తన గతాన్ని దాచిపెట్టుకోనక్కరలేని స్థితికి ఆమె చేరుకొన్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం వేరే కావాలా?

అదే తిరుమలకు మూడు శతాబ్దుల ముందు మరొక కవి చేరాడు. అన్నమాచార్యులు 1424లో సంకీర్తన రచన ప్రారంభించి, 1503లో కన్నుమూసే వరకు కొనసాగించినట్లు రాగిరేకుల శాసనం తెలియజేస్తున్నది. రోజుకొక్కటికి తక్కువ కాకుండా చెప్పాడని ప్రతీతి. వాటిని స్తోత్రాలుగానే భావించడం అలవాటయింది కాని, ఆధ్యాత్మ సంకీర్తనలను నిదానంగా చదివితే వేరొక సంగతి బోధపడుతుంది. వాటిలో ఎన్నో పాటలు కవి తన మనస్సుతో పెట్టుకొన్న పోట్లాటలు. ఆశను వదలలేకపోయానని ఒకచోట, పరుల కోసం పరుగులు తీశానని మరొకచోట తన్ను తాను నిలదీస్తాడు. ఒకనాడు గెలిచినట్లు కనిపించినవాడే మరునాటి పాటలో మళ్లీ మొదటికి వస్తాడు. మహాభక్తుడు కూడా ఎనుబది ఏండ్ల పాటు రోజూ తన లెక్క తాను చూసుకొన్నాడన్నమాట. దినచర్య వ్రాసుకొనే అలవాటు పడమటి నుండి వచ్చిందని చెప్పేవారు ఈ రాగిరేకులను ఆ దృష్టితో ఒకసారి చూడాలి.

ఆధునిక కాలంలో ఈ సీమ ఇచ్చిన ఉదాహరణ జిడ్డు కృష్ణమూర్తి. 1895లో మదనపల్లెలో తెలుగు కుటుంబంలో పుట్టాడు. పదేండ్ల వయస్సులో తల్లి చనిపోయింది. బడిలో మందబుద్ధి అనిపించుకొన్నాడు. పాఠం అప్పజెప్పలేక దెబ్బలు తిన్నాడు. 1909లో తండ్రితోపాటు మద్రాసు అడయారుకు చేరిన తరువాత దివ్యజ్ఞాన సమాజం వారు ఆ బాలుణ్ణి రాబోయే జగద్గురువుగా భావించి పెంచారు. ఒకరు మొద్దు అన్నారు, మరొకరు దేవుడన్నారు; రెండూ ఇతరులు వ్రాసిన తలరాతలే. 1929లో తన కోసం స్థాపించిన సంఘాన్ని తానే రద్దుచేసి ఆయన ఆ రెండవ వ్రాతను కూడా తుడిచివేశాడు.

ఆయన 1961 జూన్‌లో ఉన్నట్టుండి ఒక నోటుపుస్తకం తీసుకొని రోజువారీ వ్రాత మొదలుపెట్టాడు. పెన్సిలుతో, కొట్టివేతలు దాదాపు లేకుండా, ఏడు నెలలు వ్రాశాడు. ఎందుకు మొదలుపెట్టాడో ఆయనే చెప్పలేకపోయాడు. మొదలైనంత హఠాత్తుగా ఆ వ్రాత ఆగిపోయింది. దేశదేశాలు తిరుగుతూ వ్రాసిన ఆ పుటలలో కొన్ని మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో వ్రాసినవి. 1976లో అది పుస్తకంగా వెలువడింది. ఆ పుటలలో తత్త్వచర్చ ఎంత ఉన్నదో, ఆ రోజు చూసిన చెట్టు, కొండ, దారిన పోయే మనిషి అంతే ఉన్నారు. తన్ను తెలుసుకోదలచినవాడు బయటి వస్తువును అంత శ్రద్ధగా చూడడం ఎందుకనే సందేహం రావచ్చు. చుట్టూ ఉన్నదాన్ని ఉన్నట్లు చూడలేని కన్ను లోపల ఉన్నదాన్ని మాత్రం ఉన్నట్లు చూస్తుందా?

అంతకు చాలాముందే, 1940ల నాటి ప్రసంగాలలో, ఆయన శ్రోతలకు ఒక పని చెప్పాడు. మనస్సులో కలిగే ఆలోచనలను, భావాలను వీలయినంతవరకు కాగితం మీద పెట్టి చూడమన్నాడు. వాటిని ఖండించవద్దు, సమర్థించుకోవద్దు అన్నది ఆయన పెట్టిన నియమం. చెప్పినంత సులభమైన పని కాదు. స్నేహితునికి తనకంటె ఎక్కువ మార్కులు వచ్చినప్పుడు కలిగిన భావానికి 'అసూయ' అని పేరు పెట్టి వ్రాయడానికి చేయి ముందుకు రాదు. 'అతడు కాపీ కొట్టి ఉంటాడు' అని వ్రాయడానికి మాత్రం వెంటనే వస్తుంది. ఆ రెండు వాక్యాల మధ్య చేయి ఎక్కడ ఆగిందో గమనించడమే ఈ అభ్యాసంలోని విద్య అంతా.

పడమటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ సంగతిని తమ పద్ధతిలో పరీక్షించారు. అమెరికాకు చెందిన జేమ్స్ పెన్నిబేకర్ 1986లో ప్రకటించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు వ్రాశారు. కొందరు సాధారణ విషయాలు వ్రాశారు. కొందరు తమను కలచివేసిన సంఘటనలను, వాటివల్ల కలిగిన భావాలతో సహా వ్రాశారు. రెండవ వర్గంవారు వ్రాసిన వెంటనే మరింత దిగులుపడ్డారు. కాని తరువాతి నెలల్లో వారు అనారోగ్యంతో వైద్యకేంద్రానికి వెళ్లిన సందర్భాలు తగ్గాయి. తరువాత జరిగిన పరిశోధనలన్నీ ఒకే స్థాయిలో ఫలితం చూపలేదు. దీన్ని సర్వరోగనివారిణిగా ప్రచారం చేయడం తగదు. లోతైన వేదనలో ఉన్నవారికి కాగితంతోపాటు మనిషి తోడు, అవసరమైతే వైద్యుని సాయం కూడా కావాలి. అయితే వ్రాసిన మొదటి రోజు మనస్సు బరువెక్కుతుందన్న అంశం గుర్తుంచుకోదగినది. చాలామంది డైరీలు జనవరి మొదటి వారంలోనే ఆగిపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు.

ఏ భాషలో వ్రాయాలన్నది మరొక చిక్కు. చిత్తూరు ప్రాంతపు పిల్లవాడు జవాబుపత్రంలో 'వేరుశనగ' అని వ్రాస్తాడు. ఇంట్లో అవి చెనిక్కాయలు. అవ్వ ఒడిలో కూర్చొని ఒలుచుకొని తిన్నది చెనిక్కాయలే, వానరాక నేలలో మాడిపోయి నాయనను అప్పులపాలు చేసినవీ చెనిక్కాయలే. వేరుశనగ అన్న మాటతో ఆ జ్ఞాపకాలేవీ కదలవు. తిరుపతి దగ్గరి మిట్టూరులో పుట్టిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన బాల్యాన్ని, తల్లిని, ఊరి పేదరికాన్ని ఆ ఊరి పలుకుబడిలోనే వ్రాశాడు. పచ్చనాకు సాక్షిగా, సినబ్బ కతలు, మిట్టూరోడి కతలు చదివిన ఎందరో ఇటువంటి మాటలతో కూడా సాహిత్యం సృష్టించవచ్చునా అని ఆశ్చర్యపోయారు. ఆయన ఆ కతలనే పాఠ్యపుస్తకాల భాషలోకి మార్చి వ్రాసి ఉంటే తల్లి మాట తల్లి మాటగా మిగిలేది కాదు. పరీక్షలో శిష్టభాష వ్రాయవలసిందే. దానికి ఒక గౌరవమున్నది, ఈ పుటలు కూడా ఆ భాషలోనే ఉన్నవి. తనకోసం వ్రాసుకొనే పుస్తకంలో మాత్రం ఇంటి మాటకు తలుపు మూయరాదు. దామలచెరువులో ఉపాధ్యాయ జీవితం గడిపిన మధురాంతకం రాజారాం మరో మార్గం ఎంచుకొన్నాడు. ప్రసన్నమైన శిష్టభాషలో ఆ సీమ మనుషుల కథలు చెప్పి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. అదీ అతని సొంత గొంతే. ఎవరి గొంతు ఏదో కొంతకాలం వ్రాస్తేనే తెలుస్తుంది.

నేటి యువత వ్రాయడం లేదని అనడం న్యాయం కాదు. చేతిలోని ఫోన్‌లో రోజూ వందల వాక్యాలు వ్రాస్తూనే ఉన్నది. అయితే అది ఎదుటివారి చూపు కోసం వ్రాసే వ్రాత. ఎవరు చూశారు, ఎందరు మెచ్చారు అన్న లెక్క వెంటనే కనిపిస్తుంది కాబట్టి, మెచ్చుకోరనిపించిన మాట పుట్టకముందే ఆగిపోతుంది. ఇప్పుడు మరొక సౌకర్యం కూడా వచ్చింది; అడిగిన క్షణంలో ఏ అంశం మీదనైనా వ్యాసం వ్రాసిపెట్టే యంత్రాలు అందుబాటులో ఉన్నాయి. గైడుపుస్తకం చేసిన పనినే అవి మరింత చక్కగా చేస్తాయి. జలియన్‌వాలాబాగ్ మీద వ్యాసం అవి వ్రాయగలవు. నిన్న రాత్రి హాస్టల్‌లో అందరూ నిద్రపోయిన తరువాత ఒక విద్యార్థికి ఇంటి మీద బెంగ ఎందుకు కలిగిందో అతడు చెప్పనిదే వాటికి తెలియదు. అతడు చెప్పాలంటే ముందుగా అతనికి తెలియాలి.

కుటుంబం తన కోసం ఎంచిన చదువు తనకు ఇష్టమో కాదో కూడా తెలియకుండానే రెండేండ్లు గడిపే విద్యార్థులు తిరుపతి, చిత్తూరు కాలేజీలలోనే కాదు, రాష్ట్రమంతటా ఉన్నారు. అడిగితే 'ఏమో' అంటారు. ఆ 'ఏమో' అబద్ధం కాదు. ఇష్టాన్ని గురించి వారిని ఎవరూ ఒక వాక్యం అడుగలేదు, వారూ వ్రాసి చూసుకోలేదు. అటువంటివారు ఒక నెల రోజులు, నిద్రకు ముందు పది నిమిషాలు, ఎవరికీ చూపనక్కరలేని నోటుపుస్తకంలో ఆనాడు ఏ పని చేస్తుండగా కాలం తెలియలేదో, ఏ పని చేస్తుండగా గడియారం చూశారో వ్రాసి చూడవచ్చు. అక్షరదోషాలను ఎవరూ ఎర్రసిరాతో దిద్దరు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఆ పుస్తకాన్ని తెరవకుండా ఉండగలిగితే చాలు. వారు చేయగల సాయం అంతే, అది చిన్నదేమీ కాదు. నెల చివర మొదటి పుట నుండి చదివినప్పుడు, వ్రాసినవారికే తెలియని మనిషి ఒకరు ఆ పుటలలో కనిపిస్తారు. ఆ మనిషి తాను మెచ్చుకోదగినవాడే కానక్కరలేదు.

తిరుమలకు వెళ్లే యాత్రికులు వెంగమాంబ పేరుమీద ఉన్న అన్నప్రసాద భవనంలో రోజూ వేల సంఖ్యలో భోజనం చేస్తారు. ఆమె బృందావనం ఒక పాఠశాల ఆవరణలో ఉన్నది. బడిగంట వినిపించేంత దూరంలో ఓనమాలు దిద్దని ఆ కవయిత్రి ఉన్నది; పుస్తకాల సంచులతో వచ్చిన పిల్లలు లోపల తరగతి గదులలో నోట్సు వ్రాసుకొంటుంటారు.