పాతదిచ్చి పెద్ద బండి తెద్దామా? మా ఇంట్లో రెండు నెల్ల పంచాయతీ

ఈసారి పోస్టు కాస్త పెద్దది, తీరిగ్గా చదవండి. ఇంట్లో పాత ట్రాక్టర్ పెట్టుకుని, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి ఎక్కువ హెచ్‌పీ బండి తెచ్చుకుందామా అని ఊగిసలాడుతున్నవాళ్ళ కోసం రాస్తున్నా. నేనూ అదే ఊగిసలాటలో ఉండి మొన్ననే తేల్చుకున్నా.

మాది 2009 మోడల్ మాసీ 1035. 36 హెచ్‌పీ, మూడు సిలిండర్లు. అప్పు ఎప్పుడో తీరిపోయింది, కాయితాలు బీరువాలో ఉన్నాయి. మా అబ్బాయేమో "55 హెచ్‌పీ తెద్దాం నాన్నా, దీంతో ఊళ్ళో పరువు పోతోంది" అంటాడు. వాడికి రాత్రిపూట ఫోన్లో వీడియోలు చూసే అలవాటు. ఒకరోజు లంబోర్గిని కారునీ ఫెరారీ కారునీ పక్కపక్కన నిలబెట్టి ఏది ముందు నూరు స్పీడు అందుకుంటుందో చూపిస్తారు. ఇంకోరోజు రెండు ట్రాక్టర్లని వెనక వెనక గొలుసు కట్టి లాగిస్తారు, ఓడిన బండి ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. మావాడు రెంటినీ ఒకే కళ్ళతో చూస్తాడు.

ఒకరోజు వాడి పక్కన కూచుని చెప్పా, ఒరేయ్, ఆ లంబోర్గిని అనేది అసలు కారు కంపెనీ కాదురా, ట్రాక్టర్ల కంపెనీ అని. నమ్మలేదు. నిజమే గదా. ఫెరూచియో లంబోర్గిని అనే ఆయన ఇటలీలో రైతు బిడ్డ. రెండో ప్రపంచ యుద్ధంలో మెకానిక్కుగా పనిచేసి తిరిగొచ్చి, మిలిటరీవాళ్ళు వదిలేసిన పాత బండ్ల సామాన్లతో ట్రాక్టర్లు తయారు చెయ్యటం మొదలుపెట్టాడు. 1948లో ట్రాక్టర్ల కంపెనీ. కార్ల కంపెనీ పెట్టింది 1963లో. తన ఫెరారీ కారు క్లచ్ ఊరికే పోతుంటే విప్పి చూశాడనీ, అది తన ట్రాక్టర్లో వేసే క్లచ్ లాంటిదే అని తేలిందనీ, వెళ్ళి ఫెరారీ ఓనర్ని అడిగితే "నువ్వు ట్రాక్టర్లు తోలుకో" అన్నాడనీ, ఆ రోషంతో తనే కార్లు చేశాడనీ ఒక కథ చెప్తారు. కథలో ఎంత ఉప్పూకారం కలిపారో గానీ మిగతాదంతా నిజం. చివరికి ఆయన అన్నీ అమ్మేసి ద్రాక్షతోట పెట్టుకుని వ్యవసాయంలోకే వచ్చాడు. మావాడు అంతా విని, "చూశావా నాన్నా, ఆయన కూడా పెద్దదానికే పోయాడు" అన్నాడు. ఏం చెప్తాం.

ఇక అసలు విషయం. మన పల్నాడులో తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూడనివాళ్ళుండరు. ఆ ఎద్దుల జతకి ఉలవలు, పాలు, గుడ్లు పెట్టి, మాలీషు చేసి, పందేనికి మాత్రమే దింపుతారు. అదే జతని ఎవరైనా మిరప చేలో గుంటకకి కడతారా? కట్టరు. ఆ ఎద్దు గొప్పదే, దాని పని వేరు. మన తాతలు సంతలో ఎద్దుల్ని మారకం వేసేటప్పుడు పళ్ళు చూసేవాళ్ళు, గిట్టలు చూసేవాళ్ళు, నాలుగడుగులు నడిపించి చూసేవాళ్ళు. ఇప్పుడు మనం బానెట్ మీద అంకె ఒక్కటే చూస్తున్నాం.

ఆ అంకె సంగతి చెప్తా. హెచ్‌పీ అంటే ఇంజను బలం ఒక్కటే కాదు, ఆ బలం ఎంత వేగంగా తిరుగుతుందో కూడా కలిపి వచ్చే లెక్క. లంబోర్గిని హురాకాన్ ఇవో అనే కారుకి 640 హెచ్‌పీ. అది రావాలంటే ఇంజను నిమిషానికి 8,000 చుట్లు తిరగాలి. మన ట్రాక్టర్లు రెండువేలు, రెండువేల చిల్లర చుట్ల దగ్గరే పని చేస్తాయి. ఆ 640 గుర్రాల కారుని మన రేగడి దమ్ములో దింపితే మూరెడు కూడా కదలదు. కావాల్సింది నిదానంగా తిరిగే బలం, బండి బరువు, చక్రం పట్టు.

ట్రాక్టర్లోనూ ఇంజను హెచ్‌పీ వేరు, వెనక పీటీవో దగ్గర వచ్చే హెచ్‌పీ వేరు. రోటావేటర్ తిప్పేది పీటీవో. గేర్లలో కొంత పోయి సుమారు నూటికి 85 వంతులే అక్కడికి చేరుతుంది. షోరూంలో పెద్దక్షరాలతో రాసేది మొదటిది, మనకి పనికొచ్చేది రెండోది. మధ్యప్రదేశ్‌లో బుద్ని అనే ఊళ్ళో కేంద్ర ప్రభుత్వ పరీక్షా కేంద్రం ఉంది. అక్కడ ట్రాక్టర్లని పరీక్ష చేసి పీటీవో ఎంత, ఎంత బరువు లాగింది, డీజిల్ ఎంత తాగింది అన్నీ రాస్తారు. బండి చూడటానికి పోతే ఆ రిపోర్టు అడగండి. నేను అడిగితే ఆ కుర్రాడు కూల్ డ్రింక్ తెప్పించాడు గానీ రిపోర్టు తేలా.

మూడు బండ్లు నడిపి చూశా. స్వరాజ్ 744 తెలిసిన మనిషిలాగుంది, మెకానిక్కులు ఊరూరా ఉన్నారు. మహీంద్రా 575 నాలుగు సిలిండర్లు, అదురు తక్కువ. జాన్ డియర్ 5310, మావాడు మనసు పడ్డది, 55 హెచ్‌పీ. ఎక్కినాక నాకే దిగబుద్ధి కాలా. స్టీరింగ్ ఒక వేలితో తిరుగుతోంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, బండి బ్రహ్మాండం.

కానీ 50 హెచ్‌పీ దాటితే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 2023 జనవరి నుంచి 50 దాటిన కొత్త ట్రాక్టర్లకి పొగ నిబంధనలు మారాయి. అందుకని ఇంజన్లలో కంప్యూటర్‌తో నడిచే డీజిల్ పంపులు, సెన్సార్లు వచ్చాయి. డీజిల్ బాగా మండుతుంది, పొగ తక్కువ, మంచిదే. కాకపోతే దమ్ములో బండి ఆగిపోతే మన చెట్టుకింద మెకానిక్కు పానాతో బాగుచెయ్యలేడు, లాప్‌టాప్ పట్టుకుని కంపెనీ మనిషి రావాలి. 50 లోపు బండ్లలో ఎక్కువ భాగం పాత పద్ధతి పంపులే.

ఇప్పుడు డబ్బుల లెక్క. నాకు చెప్పిన రేటు 8 లక్షల 80 వేలు. మా పాతదానికి లక్షా 90 వేలు కడతామన్నారు. పైన నేను 90 వేలు చేతి నుంచి పెడితే 6 లక్షలు అప్పు. నూటికి 14 వడ్డీ, ఐదేళ్ళు, ఆరు నెలలకొక వాయిదా. వాయిదా 85 వేల పైచిలుకు, అంటే ఏడాదికి లక్షా 70 వేలు దాటింది. ఇన్సూరెన్స్ ఇంకో 12 వేలు వేసుకోండి.

ఇది ఎక్కడి నుంచి రావాలి? కిరాయిల నుంచే. మా సొంతం నాలుగెకరాలు, కౌలు ఐదు. పోయిన సంక్రాంతి నుంచి ఈ సంక్రాంతికి మా బండి మీటర్లో 410 గంటలు తిరిగింది. సొంతానికి 90, కిరాయికి 320. అందులో డబ్బులు చేతికొచ్చింది 265 గంటలకి. మిగతావాళ్ళు పంట అమ్మినాక ఇస్తామన్నారు. పోయినేడు మిర్చి రేటు ఏమైందో మీకు చెప్పక్కర్లేదు, అడగటానికి నాకే నోరు రాలేదు.

మా ఊళ్ళో పెద్ద బండికి రోటావేటర్ గంట 1,300. గంటకి ఆరు లీటర్లు డీజిల్, లీటరు 97 లెక్కన 580 పోయింది. బ్లేళ్ళు, ఆయిలు, గ్రీజు 120 అనుకోండి. మిగిలేది 600. వాయిదా, ఇన్సూరెన్స్ కట్టటానికే 300 గంటలు పైన కావాలి, అదీ డబ్బులిచ్చే గంటలు. నాకు వచ్చినవి 265. అంటే మావాడు ఏడాదంతా దుమ్ములో కూచుని ఒక్క రూపాయి కూలి తీసుకోకపోయినా, ఇంకో 24 వేలు నేనే ఇంట్లో నుంచి కట్టాలి. ఇప్పుడున్న పాత బండి గంట 1,100కే పోతుంది, అయినా ఖర్చులు పోను పోయినేడు లక్షన్నర ఇంట్లోకి వచ్చింది. చిన్నదాని ఫీజు ఆ డబ్బుల్తోనే కట్టాం.

"పెద్ద బండి వస్తే కిరాయిలు పెరుగుతాయిగా" అన్నాడు మావాడు. నేనూ మొదట అలానే అనుకున్నా. కానీ మా ఊళ్ళో పదేళ్ళ కింద తొమ్మిది ట్రాక్టర్లు, ఇప్పుడు 31. పొలం ఒక్క సెంటు పెరగలేదు. సాగర్ కాలవ వదిలినాక అందరికీ దమ్ము కావాల్సింది ఆ ఇరవై రోజుల్లోనే. ఆ ఇరవై రోజులూ నా పాత బండికీ ఖాళీ ఉండదు, పెద్దదానికీ ఉండదు. మిగతా రోజుల్లో రెండూ చెట్టుకిందే. ఏడడుగుల రోటావేటర్ ఎకరాన్ని తొందరగా తేల్చేస్తుంది, కాదనను. అర ఎకరం ముక్కల్లో గట్ల దగ్గర తిప్పుకోవటానికే సగం టైము తింటుంది, అదీ చూశా.

అందరికీ వద్దని నేను అనటంలా. పక్కూళ్ళో ఒక కుర్రాడు 55 హెచ్‌పీ తెచ్చాడు. దాంతోపాటు గడ్డి కట్టలు కట్టే బేలర్ తెచ్చాడు. కోతలప్పుడు రాత్రింబగళ్ళు తిప్పుతాడు, ఏడాదికి 900 గంటలు తిరుగుతుంది. అతనికి 36 హెచ్‌పీ పెట్టుకుని కూచోమని చెప్తే తప్పు. మీకు అలాంటి పని ముందే చేతిలో ఉంటే పెద్దదే కొనండి. బండి వచ్చాక పని వెతుక్కుందాం అంటే మాత్రం వడ్డీ ఆగదు.

ఎక్స్‌ఛేంజ్ మేళా అని జెండాలు కట్టినచోట జాగ్రత్త. ముందు మీ పాత బండి మాట ఎత్తొద్దు. రొక్కంతో కొంటే కొత్తది ఎంతకిస్తారో తేల్చుకోండి. ఆ తర్వాత పాతదాని రేటు అడగండి. నేను ముందే పాతదాని సంగతి చెప్పి తప్పు చేశా. ఎక్స్‌ఛేంజ్ బోనస్ అని 30 వేలు ఇస్తున్నట్టు చూపించారు. వేరే మనిషి చేత అడిగిస్తే కొత్త బండి మీద రొక్కానికి అంతకన్నా ఎక్కువే తగ్గిస్తున్నారు. వినుకొండ వైపు నుంచి వచ్చిన ఒకాయన మా బండి చూసి 2 లక్షల 40 వేలకి అడిగాడు. 50 వేలు తేడా.

పాత బండి ఎవరికి ఇచ్చినా ఆర్‌సీ వాళ్ళ పేరుకి మారేదాకా వదలొద్దు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి తాళం ఇచ్చేసి వస్తే సరిపోదు. ఆ బండి ఎక్కడో గుద్దితే నోటీసు మన ఇంటికే వస్తుంది.

ఇంకోటి. సెప్టెంబర్ 22, 2025 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గింది. ఇప్పుడే కొనండి అని అందరూ చెప్పేది దాన్ని చూపించే. ట్రాక్టర్ టైర్లు, చాలావరకు స్పేర్ పార్టుల మీద 18 నుంచి 5కి తగ్గింది, అది మాత్రం ఎవరూ చెప్పరు. అంటే కొత్తది కొనటానికన్నా పాతది బాగుచేసుకోటానికే ఎక్కువ తగ్గింది.

ఇంత లెక్క వేసి చూపించాక మావాడు కాసేపు మాట్లాడలా. తర్వాత ఒకే మాట అన్నాడు. "నాన్నా, నడుము నొప్పి పుడుతోంది. దమ్ములో ఆ స్టీరింగ్ తిప్పి తిప్పి రాత్రి భుజాలు లేవట్లా." దానికి నా కాయితం మీద లెక్క లేదు. నేను ఇరవై ఏళ్ళు ఆ నొప్పి పడ్డా గదా, వాడూ పడతాడులే అనుకున్నా మనసులో. తప్పే. వాడు 55 హెచ్‌పీ అడుగుతున్నాడని నేననుకున్నా, వాడు అడుగుతోంది మెత్తటి సీటూ, తేలిగ్గా తిరిగే స్టీరింగూ. హెచ్‌పీతో వాటికి సంబంధం లేదు.

నరసరావుపేట పోయి కనుక్కున్నా. ఇంజను పని, లైనర్లు, పిస్టన్లు, బేరింగులు అన్నీ కలిపి 55 వేలు. క్లచ్ ప్లేట్లు 14 వేలు. వెనక టైర్లు జత 42 వేలు. పవర్ స్టీరింగ్ బిగించి, స్ప్రింగుల సీటు వెయ్యటానికి 30 వేలు. మొత్తం లక్షా 41 వేలు. కొత్త బండికి ఒక ఏడాది వాయిదాల కన్నా తక్కువ. వేసవిలో లోతు దుక్కి కావాలంటే రెండు మూడేళ్ళకోసారి పెద్ద బండిని కిరాయికి పిలుచుకుంటాం.

అలా అని ఎప్పటికీ వద్దని నేను మొండికెయ్యలా. మావాడి చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చా. ఏ రోజు ఎన్ని గంటలు, ఎవరి పొలం, ఎంత డీజిల్, డబ్బులు వచ్చాయా లేదా, అన్నీ వాడే రాయాలి. వచ్చే సంక్రాంతికి డబ్బులొచ్చిన గంటలు 500 దాటితే వాడడిగిన బండికి నేనే సంతకం పెడతానని వాళ్ళమ్మ ముందు ఒప్పుకున్నా. ఇప్పటికి 38 గంటలు రాశాడు.

బండి సోమవారం షెడ్డుకి పోతోంది. మీలో ఎవరైనా 1035కి పవర్ స్టీరింగ్ బయట బిగించుకున్నవాళ్ళుంటే ఎట్లా పనిచేస్తోందో, దమ్ములో ఆయిల్ సీళ్ళు నిలుస్తున్నాయో లేదో ఆదివారం లోపు కింద రాయండి. మీ ఊళ్ళో రోటావేటర్ గంట ఎంతకి నడుస్తుందో కూడా రాయండి, మావాడి బుక్కులో వేసుకుంటాం.