చదువు రాని పిల్లవాడి చెవి చూశారా?

"గుణింతం గడగడా అప్పజెబుతాడు డాక్టరుగారూ, మధ్యలో 'కె' ఏదిరా అంటే నోరు వెళ్లబెడతాడు" అనే తల్లులు మా ప్రాంతంలో చాలామంది. చదువు అబ్బలేదని బడి మాన్పించి, మిరపకోతలకు వెంటబెట్టుకుపోతారు. తొందరపడకండి.

తరచు జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనుక నీరు చేరవచ్చును. నొప్పి ఉండకపోవచ్చు, చీము కారదు, వినికిడి మందగిస్తుంది. 'పండి', 'బండి' ఒకేలా వినిపిస్తే 'ప', 'బ' ఎలా పట్టుబడతాయి? చేయి చాచినంత దూరంలో వెనుక నిలబడి, ఒక చెవి మూసి, గుసగుసగా మాటలు చెప్పి తిరిగి చెప్పించండి. రెండో చెవికీ అంతే. తడబడితే గుంటూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో చెవి విభాగానికి తీసుకువెళ్లండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడి పిల్లలకు వినికిడి లోపాలను ఉచితంగానే చూస్తారు. ఈలోగా చెవిలో కాచిన నూనె, ఆకుపసరు పోయవద్దు!

చెవి బాగుంటే పలక పక్కన పెట్టి ఆట ఆడించండి. మి-ర-ప: మూడు చప్పట్లు. 'మి' తీసేస్తే ఏం మిగిలింది? అది వచ్చాక 'క్', 'ఇ' కలిపి 'కి' అని సాగదీసి పలికించండి. మన అక్షరంలో హల్లు, అచ్చు కలిసిపోయి ఉంటాయి గనుక ఈ విడదీత పిల్లలకు కష్టమే. పాటలా వల్లె వేయిస్తే రాదు. రోజూ పది నిమిషాలు, అన్నం పెడుతూ అయినా సరే.

మూడో తరగతికీ కూడబలుక్కోలేకపోతే డిస్లెక్సియా కావచ్చు. అది మందబుద్ధి కాదు. పిల్లల డాక్టరుకు చూపించండి. జ్ఞాపకశక్తి టానిక్కులకు డబ్బు తగలేయకండి.