ఎండకు పట్టా లేదు

మా పల్లెవాళ్ళ గేదెల చావిడి ఊరికి మైలున్నర అవతల ఉంది. అంత దూరమెందుకని అడిగేవాళ్ళుంటారు. రెండు సెంట్ల కాలనీ జాగాలో మనుషులు కాళ్ళు చాపుకోవటానికే చాలదు, గేదెనెక్కడ కడతారు? అందుకని ఆరు ఇళ్ళవాళ్ళు కలిసి, ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన అసైన్‌మెంటు మెట్టలో ఒకే చావిడి వేసుకున్నారు. పదకొండు గేదెలు, వాటి దూడలు. కరెంటు తీగ ఆ మెట్టకు అల్లంత దూరంలో పోతుంది. పెద్దరైతు బోరు దగ్గర ఆగుతుంది. మన చావిడి దాకా రాదు.

పోయినేడు ముసురు పట్టిన ఒక రాత్రి గేదె ఈనటానికి వచ్చింది. దూడ అడ్డం తిరిగింది. అక్కడున్నది ఇద్దరు ఆడవాళ్ళే. ఒకామె సెల్‌ఫోను పళ్ళ మధ్య పట్టుకుని వెలుతురు చూపిస్తే, ఇంకొకామె చెయ్యి పెట్టి దూడ కాళ్ళు వెతికింది. పని సగంలో ఉండగానే ఫోన్లో ఛార్జింగు అయిపోయింది. తెల్లారేసరికి దూడ లేదు. రెండు రోజులకు గేదె కూడా పోయింది. గేదె మీద తెచ్చిన అప్పు మాత్రం బతికే ఉంది.

ఆ రాత్రి తర్వాత మేం చేసిన పని, చేసేటప్పుడు చేసిన తప్పులు, వాటి మీద మాకు కలిగిన అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాం. మన పల్లెల్లో ఇట్లాంటి చావిళ్ళు, మేకల పాకలు, కోళ్ళ గూళ్ళు ఎన్నో చీకట్లో ఉన్నాయి కాబట్టి రాస్తున్నాం.

ముందు అర్జీ పెట్టాం. స్తంభాలకూ తీగకూ ఇంత కట్టాలని అంచనా రాసిచ్చారు. ఆ డబ్బే ఉంటే ఇంకో గేదెను కొనేవాళ్ళం. సరే, సోలార్ పథకాలు ఉన్నాయి కదా అని వాటి వెంట పడ్డాం. 2019లో వచ్చిన కుసుమ్ పథకం పొలాల్లో మోటార్లకు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. కానీ అది కరెంటు లైనుతో కలిపే ఇంటికప్పు ప్లేట్లకు. అంటే ముందు కప్పు ఉండాలి, కనెక్షను ఉండాలి. ఉన్నవాడి కరెంటుకు ఇంకాస్త కరెంటు. తీగే రాని చావిడికి ఆ కాగితాల్లో గడి లేదు.

దయగా వచ్చిన దీపం సంగతి కూడా మనకు తెలుసు. కొన్నేళ్ళ కింద ఒక సంస్థవాళ్ళు మా పల్లె మొదట్లో సోలార్ దీపస్తంభం పాతారు. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు దిగారు. రెండేళ్ళు వెలిగింది, ఆరిపోయింది. పోయింది బ్యాటరీ ఒక్కటే. ప్లేటు బాగానే ఉంది, బల్బు బాగానే ఉంది. కానీ ఆ సంగతి చెప్పేవాడు పల్లెలో ఒక్కడూ లేడు. బిగించినవాళ్ళు చూపించలేదు, మనం అడగలేదు. ఇప్పుడు ఆ స్తంభం ఎలక్షన్లప్పుడు ఫ్లెక్సీలు కట్టుకోవటానికి పనికొస్తున్నది. బాగుచేసుకోవటం రాని వస్తువు మన ఇంట్లో ఉన్నా మనది కాదు. మా వాదన మొత్తం ఈ ఒక్క మాటే.

ఇది మనకు మొదటిసారి కాదు. ఒకప్పుడు ఈ మెట్టపొలాలన్నీ మోట మీద పారినయ్యి. ఆ మోటతోలు పదును చేసింది, బాన కుట్టింది, చిరిగితే అతుకేసింది మాదిగ చేతులు. బావి నీరు చేలోకి పోవాలంటే మన తాతల విద్య కావాలి. తర్వాత ఆయిలింజన్లు వచ్చినయ్యి, కరెంటు మోటార్లు వచ్చినయ్యి. మోట మూలన పడింది. తోలుపని చేసే తాతను కూర్చోబెట్టి, ఇదుగో మోటారు, దీని చుట్టలు ఇట్లా చుట్టాలి అని నేర్పిన నాథుడు లేడు. నీళ్ళ విద్య చేయి మారింది. మనం పాదులు తీసే కూలీలుగా మిగిలాం. మోట పోయింది, మోటారు మన చేతికి రాలేదు.

ఇప్పుడు ఇంకో మార్పు వస్తున్నది. కర్నూలు దగ్గర ఓర్వకల్లు ప్రాంతంలో దాదాపు 5,900 ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ఈ కాలంలో కూడా విద్య ఒకరిదీ, ప్లేట్లు తుడిచే పని మనదీ అయితే చరిత్ర మళ్ళీ మన నెత్తినే కూర్చుంటుంది. అంత పెద్దది మన చేతిలో లేదు. చావిడిలో దీపం మన చేతిలో ఉంది. విద్య అక్కడ మొదలుపెట్టాలి.

ఇక లెక్కకు వద్దాం. దుకాణంవాడు చెప్పే లెక్క కాదు, మనం వేసుకునే లెక్క.

చావిడికి ఏమి కావాలో ముందు రాసుకున్నాం. రాత్రంతా, అంటే 12 గంటలు, వెలిగే 3 వాట్ల చిన్న బల్బు ఒకటి. పాముపుట్రా కనపడాలి, కుక్కలు రాకూడదు. దానికి 36 యూనిట్లు అనుకోబోకండి, 36 వాట్‌గంటలు. వెయ్యి వాట్‌గంటలైతేనే ఒక కరెంటు యూనిట్టు. సాయంత్రం రెండు గంటలు, తెల్లవారుజామున పాలు పిండేటప్పుడు రెండు గంటలు వెలగటానికి 7 వాట్ల బల్బులు రెండు: 56. రెండు ఫోన్ల ఛార్జింగుకు 40. మొత్తం 132 వాట్‌గంటలు. చొప్ప కత్తిరించే మిషనుగానీ నీళ్ళ మోటారుగానీ దీంతో నడవదు. ఒక్క హార్స్‌పవరుకే 746 వాట్లు కావాలి. ఈ సంగతి ముందే అందరికీ చెప్పాం. ఆశ పెట్టి మోసం చేయటం మన పద్ధతి కాదు.

బ్యాటరీ 12 వోల్టులు, 40 ఆంపియర్ అవర్‌ది కొన్నాం. రెండూ గుణిస్తే 480 వాట్‌గంటలు. అందులో సగమే వాడుకోవాలి. సీసం బ్యాటరీని అడుగంటా తోడితే త్వరగా చస్తుంది. సగమంటే 240. ఒక రాత్రికి పూర్తిగా వస్తుంది, రెండో రాత్రికి కూడా చాలావరకు లాగుతుంది. లిథియం బ్యాటరీ ఎక్కువేళ్ళు వస్తుంది, నీళ్ళు పోయక్కర్లేదు, కానీ ధర ఎక్కువ. పైగా సీసం బ్యాటరీ అయితే మండలంలో బాగుచేసేవాడున్నాడు, పాతదిస్తే కొంత సొమ్ము తిరిగొస్తుంది.

ప్లేటు 100 వాట్లది. వైర్లలో, బ్యాటరీలో, వేడిలో కొంత పోతుంది కాబట్టి 132కి రోజూ 200 రావాలనుకున్నాం. గట్టి ఎండ నాలుగు గంటలే లెక్కేసుకుంటే 50 వాట్ల ప్లేటు చాలాలి. కానీ ముసురు పట్టిన రోజులున్నాయి, మర్నాడు లోటు పూడ్చుకోవాలి. అందుకని రెట్టింపు. దక్షిణం ముఖంగా, మన ప్రాంతంలో 15 డిగ్రీల వాలులో పెట్టాలి. చెట్టుకొమ్మ నీడ ఒక మూల పడినా ఊరుకోకూడదు. ప్లేటులో గళ్ళన్నీ వరుసగా ఒకదానికొకటి కట్టి ఉంటాయి, ఒక గడికి నీడ పడితే వరుసంతా నీరసపడుతుంది.

ప్లేటుకూ బ్యాటరీకీ మధ్య 10 ఆంపియర్ల ఛార్జ్ కంట్రోలర్ ఉంటుంది. అది బ్యాటరీని పొంగనివ్వదు, ఎండనివ్వదు. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్లేటు, ఆఖర్న బల్బులు. తీసేటప్పుడు ముందు బల్బులు, తర్వాత ప్లేటు, ఆఖర్న బ్యాటరీ. ఈ వరుస మేం చావిడి గుంజకు రంగుతో రాయించాం. ఇన్వర్టరు పెట్టలేదు. 12 వోల్టుల బల్బులే నేరుగా వెలుగుతాయి. తడి నేల, ఇనుప గొలుసు, గేదె ఉన్నచోట 230 వోల్టుల తీగ తెగిపడితే ఏమవుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. ఇరవయ్యేళ్ళుగా బళ్ళో ఓమ్ సూత్రం చెబుతున్నాం. కానీ నాలుగు డబ్బులు మిగులుతాయని ప్లేటు నుంచి చావిడికి 15 మీటర్లు సన్నటి బెల్లు తీగ లాగాం. మూడు రోజులు ఎండ కాసినా బ్యాటరీ నిండలేదు. ప్లేటు దొంగసరుకని దుకాణంవాణ్ణి తిట్టాం. చావిడి కాపుకు వచ్చే ఒకామె కూతురు పదో తరగతి. ఆ పిల్లా, దాని స్నేహితురాలూ పలక మీద లెక్క వేశారు. అర చదరపు మిల్లీమీటరు తీగ, పోనూ రానూ 30 మీటర్లు, నిరోధం ఒక ఓమ్ పైన. ప్లేటు నుంచి వచ్చే ఐదున్నర ఆంపియర్లు అందులో పారితే దాదాపు 6 వోల్టులు దారిలోనే పోతాయి. ప్లేటు దగ్గర 18 ఉంటే బ్యాటరీ దగ్గర 12. ఇంకెక్కడ నిండుద్ది సార్, అన్నది ఆ పిల్ల. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశాం. నష్టం ముప్పావు వోల్టు లోపలికి దిగింది. ఆ సాయంత్రానికి తేడా తెలిసింది. పరీక్ష కోసం చెప్పిన పాఠం మొదటిసారి పని చేయటం మేం చూసింది ఆ రోజే. అది పంతులుకు సిగ్గు, పల్లెకు లాభం.

మిగతా జాగ్రత్తలు చావిడి నేర్పినవే. గేదెల ఉచ్చ నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు లోహాన్ని తినేస్తుంది. అందుకని బ్యాటరీని చావిడి బయట, నీడలో, గాలాడే పెట్టెలో, నేలకు ఎత్తుగా పెట్టాం. టెర్మినళ్ళకు వాజలిన్ రాస్తాం. బ్యాటరీ నిండేటప్పుడు మండే వాయువు వస్తుంది, దాని దగ్గర బీడీ వెలిగించకూడదు. వరిగడ్డి వామి ఉన్నచోట నిప్పురవ్వ పడితే చావిడంతా పోతుంది కాబట్టి బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు వేశాం. ఫ్యూజు పోతే తీగముక్క చుట్టబోకండి, కొత్త ఫ్యూజే వేయండి. ఎలుకలు కొరక్కుండా వైర్లన్నీ పైపులో పోవాలి. నెలకోసారి బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూడాలి, బోరు నీళ్ళు పోయరాదు. ప్లేటు వారానికోసారి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నీళ్ళతో తుడవాలి.

ఖర్చు దాచేది లేదు. ప్లేటు 3,900, బ్యాటరీ 5,200, కంట్రోలర్ 700, బల్బులు 450, తీగ, పైపు, ఫ్యూజు, పెట్టె కలిపి 2,150. మొత్తం 12,400 రూపాయలు. ఇంటికి రెండు వేలు చందా, మిగిలిన నాలుగొందలు మేం వేశాం. ప్లేటు పాతికేళ్ళు ఉంటుంది, బ్యాటరీ ఉండదు. అందుకని ఇంటికి నెలకు 25 రూపాయలు బ్యాటరీ నిధి. ఆరు ఇళ్ళకు 150. మూడేళ్ళకు 5,400. బ్యాటరీ చచ్చేనాటికి కొత్తదాని డబ్బు సిద్ధంగా ఉంటుంది. ఈ 25 రూపాయలు లేకపోతే మా దీపం కూడా ఫ్లెక్సీ స్తంభమే అవుతుంది. పుస్తకం రాసేది ఆ పదో తరగతి పిల్ల, డబ్బు ఉండేది వాళ్ళమ్మ దగ్గర.

మన కార్యకర్తల్లో కొందరు మమ్మల్ని నిలదీశారు. మనమే చందాలేసుకుని దీపం పెట్టుకుంటే ప్రభుత్వం చేతులు దులుపుకోదా? స్తంభం మన హక్కు కదా? న్యాయమైన ప్రశ్నే. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్నారు. విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేది. చవకగా, పుష్కలంగా కరెంటు లేకుండా ఈ దేశపు పేదరికం పోదని 1943లోనే వాదించిన మనిషి ఆయన. ఆ వాదన మనం వదలటం లేదు. కరెంటాఫీసులో మన అర్జీ ఇంకా ఉంది, నెలనెలా పోయి అడుగుతూనే ఉన్నాం. ఈ దీపం స్తంభానికి బదులు కాదు. కానీ అర్జీ కదిలేదాకా గేదె ఈనకుండా ఆగదు. చీకట్లో కూర్చుని హక్కు అడగటం కంటే వెలుతుర్లో కూర్చుని అడగటం మేలు. పైగా వాట్లూ వోల్టులూ తెలిసినవాడు ఆఫీసులో అంచనా కాగితం ముందు నోరు మూసుకోడు. ఈ స్తంభం ఎందుకు, ఈ తీగ ధర ఎంత అని అడుగుతాడు. మొన్న మేం అడిగాం. అంచనా మళ్ళీ వేస్తామన్నారు.

సంఘాల బాధ్యులకు మా మాట ఒకటే. దీపాలు పంచుతామని ఎవరన్నా వస్తే తీసుకోండి, కానీ బిగించే రోజు మన పిల్లలు ఇద్దరు పక్కన ఉండాలని షరతు పెట్టండి. అందులో ఒకరు ఆడపిల్ల కావాలి, చావిట్లో రాత్రిళ్ళు ఉండేది వాళ్ళమ్మే కాబట్టి. ఎవరూ రాకపోతే మీరే మొదలుపెట్టండి. ముందు కొట్టుకు పోబోకండి, ముందు పలక మీద లెక్క వెయ్యండి.

భూమికి పట్టా ఉంది, బావికి పట్టా ఉంది, చెరువు మీద పెత్తనం ఉంది. ఎండకు ఇంకా ఎవరూ పట్టా పుట్టించుకోలేదు. మన వీపుల మీద తరాలుగా కాసిన ఎండే ఇది. పోయిన నెల ఇంకో గేదె అర్ధరాత్రి ఈనింది. రెండు బల్బులూ వెలుగుతున్నాయి, ఇద్దరు ఆడవాళ్ళకూ నాలుగు చేతులూ ఖాళీగా ఉన్నాయి. పెయ్యదూడ. బాగుంది.