తీరిక వేళ: గాజుతొట్టెలో రామ్ చేపల సంసారం

గప్పీ, మోలీ వంటి చేపలు పిల్లలనే కంటాయి గనుక వాటి పెంపకంలో గృహస్థునికి పెద్ద శ్రమ లేదు. గుడ్లు పెట్టి, కాపలా కాసి, పిల్లలను వెంట తిప్పుకొనే చేపలను చూడగోరే పాఠకులు మరుగుజ్జు సిక్లిడ్లను పెంచి చూడాలి. ఈ కుటుంబం మనకు కొత్తది కాదు. తిలాపియా, కేరళవారి కరిమీన్ దీనికి చెందినవే. మరుగుజ్జు జాతులలో సొగసైనది రామ్ చేప. వెనిజులా, కొలంబియా దేశాలలోని ఒరినోకో మైదానాలు దాని పుట్టినిల్లు.

అక్కడి నీరు వెచ్చనిది, మృదువైనది, కొంత ఆమ్లగుణం కలది. సుక్మాలో వెచ్చదనానికి కొదవలేదు. బోరు నీరు కఠినమైతే వాన నీటిని కలుపుకోవచ్చును. తొలి రెండు జల్లులు పోనిచ్చి, శుభ్రమైన డాబా మీది నీటిని పట్టి నిలువచేయాలి. అయితే కేవలం వాన నీరే పోస్తే ఆమ్లతను అదుపుచేసే లవణాలుండవు; పి.హెచ్. ఒక్కసారిగా పడిపోతుంది. కొంత బోరు నీరు తప్పనిసరి.

60 లీటర్ల తొట్టె, చదునైన రాయి, 28 డిగ్రీల వేడిమి ఉంటే జంట గుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజులకు అవి పొదుగుతాయి. మరి కొద్ది రోజులకు పిల్లలు ఈదుతాయి. అప్పుడు ఆర్టీమియా లార్వాలను మేపాలి. లేత జంటలు తొలి కాన్పు గుడ్లను తామే తినివేయడం సాధారణం, ఆందోళన వద్దు.

అసలు కథ అమ్మోనియాది. చేపల విసర్జనతో పుట్టే ఈ పదార్థం నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. విషపూరితమైన రూపం, 28 డిగ్రీల వద్ద, పి.హెచ్. 7 ఉన్నప్పుడు నూటికి ఒక పాలైనా ఉండదు. 8 ఉన్నప్పుడు ఆరు పాళ్లు దాటుతుంది. అందుచేతనే, నెలల తరబడి నీరు మార్చని తొట్టెలో ఒకనాడు ఉత్సాహంగా సగం బోరు నీరు పోస్తే తెల్లవారేసరికి చేపలు తేలిపోతాయి. నేరం కొత్త నీటిది కాదు, పేరుకున్న మలినానిది. వారానికి పదోవంతు మారిస్తే చాలును.

వేసవిలో కరెంటు పోయినప్పుడు మేత మానివేయండి. ఫిల్టరులోని బ్యాక్టీరియాకూ ప్రాణవాయువు కావాలి గనుక స్పాంజిని తీసి తొట్టెలోనే ఉంచి, చెంబుతో నీటిని ఎత్తి పోస్తుండండి.

ఎండలకు మరొక చిత్రమున్నది. అపిస్టోగ్రామా అనే మరుగుజ్జు జాతులపై 1996లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం, వాటిలో అత్యధికభాగం జాతులకు నీటి వేడిమి పెరిగినకొద్దీ మగపిల్లలు ఎక్కువవుతాయి. వాటి ఏప్రిల్ కాన్పులో ఆడపిల్లలు కరవైతే సుక్మా ఎండలనే అనుమానించాలి.

బదిలీ ఉత్తర్వులు రాగానే కొందరు చేపలను శబరిలో వదలివేయాలని తలుస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. పరాయి చేప ఒకచోట స్థిరపడితే వెనక్కు తీయలేము. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా నేటికీ స్థానిక చేపల తిండిలోను, తావులోను వాటా తీసుకుంటూనే ఉన్నది. పొరుగు క్వార్టరులోని పిల్లలకు ఇవ్వండి, సంతోషిస్తారు. తొట్టెను కదిలించేముందు మాత్రం పూర్తిగా ఖాళీ చేయాలి. 60 లీటర్ల నీరంటే 60 కిలోలు, అడుగు గాజు ఆ బరువుతో వంగనేరదు, పగులుతుంది.