స్టెంటు ఉన్నదని ఎమ్.ఆర్.ఐ. నిరాకరించడం ఏ శాస్త్రం?

"గుండెకు స్టెంటు వేయించుకొన్నారా? అయితే ఎమ్.ఆర్.ఐ. కుదరదు. వెళ్ళి గుండె డాక్టరు వద్ద ఉత్తరం తెండి." మన నెల్లూరు తీరంలో రోగులకు ఈ మాట నేటికీ ఎదురవుతూనే ఉన్నది. దీనిని జాగ్రత్త అనడానికి నాకు నోరు రాదు. వైద్యశాస్త్రం ఎన్నడో విడిచిపెట్టిన భయాన్ని రోగి నెత్తిన రుద్దడమిది.

భయానికి మూలం లేకపోలేదు. ఆ యంత్రంలోని అయస్కాంతం భూమి అయస్కాంత క్షేత్రం కంటె వేల రెట్లు బలమైనది. 2018 జనవరిలో ముంబయి నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోనికి వెళ్ళిన ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. అంత సిలిండరును లాగిన యంత్రం స్టెంటును లాగదా అని సామాన్యుడు అడిగితే అర్థమున్నది. స్కానింగు కేంద్రం నడిపేవారు అడిగితే అర్థం లేదు. ఉక్కులన్నీ ఒకటి కావు. వంటింటిలోని స్టీలు పళ్ళేలకు అయస్కాంతం ఆనించి చూడండి, కొన్నింటికి అది అతుక్కోనే అతుక్కోదు. గుండె స్టెంట్లను అటువంటి 316 ఎల్ రకపు ఉక్కుతోనో, కోబాల్ట్-క్రోమియం, ప్లాటినం-క్రోమియం మిశ్రలోహాలతోనో చేస్తారు.

పూర్వం స్టెంటు వేసిన పిదప ఆరు నుండి ఎనిమిది వారాలు ఆగమనేవారు. తీగవలపై ధమని లోపొర పెరిగితే గాని అది కుదురుకోదని ఊహ. కాని దానిని బెలూనుతో ఉబ్బించి ధమని గోడకు ఒత్తి బిగిస్తారు గదా! అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లోనే, పరీక్షకు నిలిచిన హృద్ధమని స్టెంట్లున్నవారికి 3 టెస్లాలు, అంతకు లోపు యంత్రాలలో, స్టెంటు వేసిన తరువాత ఎప్పుడైనా ఈ పరీక్ష చేయవచ్చునని ప్రకటించింది. మందు పూసిన స్టెంట్లకూ ఇదే వర్తిస్తుంది. మన ఆరోగ్యశ్రీ మొదలైనదీ ఆ ఏడాదే. పాలెంలలోని పేదలకు స్టెంటు అందినది, ఈ సంగతి మాత్రం అందలేదు.

"షరతులతో సురక్షితం" అని స్టెంటు కార్డుపై వ్రాసి ఉన్నదని కొందరు వాదిస్తారు. నిజమే. ఆ షరతులు అయస్కాంతపు బలానికి, శరీరంలోనికి పంపే శక్తికి సంబంధించినవి. వాటిని పాటించవలసినది యంత్రం నడిపేవారు. అందుకు రోగిని ఊళ్ళు తిప్పడమెందుకు?

ఇక్కడినుండి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. స్టెంటు వేసిన ఆసుపత్రి అక్కడ ఉంటే ఉత్తరం కొరకు అక్కడికే పోవాలి. వలలు లాగి నడుము చెడిన మైపాడు మత్స్యకారునికి కాళ్ళు తిమ్మిరెక్కి, మూత్రంపై అదుపు తప్పినదనుకొందాం. వెన్నెముక అడుగున నరాలు నలుగుతున్నాయేమో గంటలలో తేలాలి. ఆలస్యమైతే ఆ కాళ్ళు, ఆ అదుపు తిరిగి రాకపోవచ్చు. బదులుగా సి.టి. తీస్తామంటారు. ఎముకను అది చక్కగా చూపుతుంది, నరాల సంగతి ఎమ్.ఆర్.ఐ. చూపినంతగా చూపదు. పైగా ఎక్స్‌రే కిరణాల మోతాదు అదనం.

పేస్‌మేకరు సంగతి పూర్తిగా వేరు. పాత రకాలు ఎమ్.ఆర్.ఐ.కి తగినట్లు చేసినవి కావు, అలా చేసినవాటికి కూడా ముందుగా అమరికలు మార్చాలి. మెదడులో పాతకాలపు క్లిప్పులున్నవారి విషయమూ అంతే. ఇవి ఉన్నవారు తప్పక చెప్పాలి, కేంద్రంవారు తప్పక అడగాలి. ఈ భయాన్ని తెచ్చి స్టెంటుకు అంటగట్టడమే తప్పు.

మరొక మాట. స్కానింగు ఉన్నదని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ బిళ్ళలు ఎవరూ మానరాదు. ఈ పరీక్షకు వాటిని ఆపవలసిన పని లేదు. కొత్త స్టెంటు ఉన్నవారు తమంతట మానితే అందులో రక్తం గడ్డకట్టి ప్రాణానికే ముప్పు రావచ్చు.

స్టెంటు వేసినప్పుడు ఇచ్చిన కార్డును, డిశ్చార్జి కాగితాన్ని ఆధార్ కార్డుతోపాటు భద్రపరచండి. స్కానింగు గది వద్ద వాటిని చూపండి. అప్పటికీ కాదంటే అక్కడి రేడియాలజిస్టుతో నేరుగా మాట్లాడాలని పట్టుబట్టండి. ఆయన కూడా నిరాకరిస్తే, ఏ కారణంతో నిరాకరించారో కాగితంపై వ్రాసి సంతకం చేసి ఇమ్మనండి.